ఎడమ పక్క కుర్చీ, కుడి పక్క డబ్బా

మా ఆయన రిటైర్మెంటు ఫంక్షన్‌కు ఏ మైకు డబ్బా పెట్టాలె అని మా ఇంట్ల జరిగినంత పంచాయితి మా పెళ్లికి కూడా జరగలే. పెళ్లప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలే గనుక జల్దీ తేలిపోయింది. దీనికి మాత్రం అందరూ నన్నే అడిగిండ్రు.

మేముండేది కొత్తగూడెం పక్కన, బొగ్గు బాయిల క్వార్టర్లల్ల. మా దగ్గర గనిని బాయి అనే అంటరు. మా ఆయన బాయిల డ్రిల్లర్. డ్యూటీ లేని రోజుల్ల మైక్ సెట్ కిరాయికి తిప్పేటోడు. పెళ్లిళ్లు, పెద్దకర్మలు, గేటు మీటింగులు, అన్నిటికన్నా ఎక్కువ రిటైర్మెంటు ఫంక్షన్లు. నెల ఆఖరొచ్చిందంటే ఏదో ఒక గల్లీల ఎవరో ఒకరు రిటైరై దిగిపోతనే ఉంటరు. షామియానా ఏస్తరు, మొగుడు పెళ్లాలను స్టేజీ మీద కుర్చీలల్ల కూసోబెడతరు, శాలువా కప్పుతరు, దండలేస్తరు, ఒకరెంక ఒకరు లేచి పొగుడుతరు. బాయిల ఉన్నన్నేండ్లు తిట్టినోళ్లు కూడా ఆ పూట పొగుడుతరు. అది మర్యాద.

డ్రిల్లు మిషన్ చప్పుడుకు మా ఆయన ఎడమ చెవి పూర్తిగ పోయింది. కుడి చెవి మిగిలింది గానీ అది తనకు ఇష్టమైన మాటలకే పనిచేస్తది. చెవి సరిగ లేని మనిషి మైక్ సెట్ ఎట్ల నడిపిండు అంటే, చెయ్యితోని నడిపిండు. బాయిల పని మొదలుపెట్టే ముందు పైకప్పు గట్టిగున్నదా లేదా అని చూస్తరట. ఒక చేత్తోని కట్టెతో కప్పును కొడుతూ, రెండో అరచేయి కప్పుకు ఆనించి పెడతరట. గట్టి కప్పు అయితే చెయ్యికి ఏమీ తెల్వదు. వదులైన కప్పు వణుకుతది. గట్లనే మా ఆయన డబ్బా మీద అరచెయ్యి పెట్టి, ఎవరి గొంతు మొద్దుగున్నది, ఎవరు మైకును మింగుతున్నరు అని చెప్పేటోడు. నేను చపాతి పిండి పిసుకుతుంటే గూడా చెయ్యి పెట్టి చూసి "ఇంకా ఆగు" అనేటోడు. దాంట్ల మాత్రం ఆయనకు ఏమీ తెల్వదు.

ఆయన డబ్బాలు పాత రకం. చెక్కతోని తానే చేయించుకున్నవి. లోపట స్పీకర్ ఉంటది, అంతే. మిషన్, అంటే ఆంప్లిఫయర్, వేరుగ టేబుల్ మీద ఉంటది. దాని నుంచి డబ్బాలకు వైర్లు పోతయ్. మా తమ్ముడు గూడ ఇదే పని పట్టిండు. వాడు కొత్త రకం కొన్నడు. వాటిల్ల ఒక్కో డబ్బాకు దాని మిషన్ దాని కడుపులనే ఉంటది. ఎక్కడ పెడితే అక్కడ కరెంటు ప్లగ్గు పెట్టాలె, మాట వైరు ఇయ్యాలె, అంతే, మోగుతది. వాటిని యాక్టివ్ అంటరని, మావి పాసివ్ అని తమ్ముడు చెప్పిండు. అప్పటిదాంక మావి డబ్బాలే. ఆ పేరు విన్నప్పటి నుంచి మా ఆయనకు తన డబ్బాలను ఎవరో తిట్టినట్టే ఉండేది.

రిటైర్మెంటు నెల పడంగనే తమ్ముడు వచ్చిండు. ఇద్దరూ ముందు గదిల కూసున్నరు. నేను చాయ్ పోసిన.

"బావా, నీ ఫంక్షన్‌కు సౌండ్ నాది. నా కొత్త డబ్బాలు తెస్త" అన్నడు తమ్ముడు.

"నీ డబ్బాలు గాజు గ్లాసుల్లాంటివి బామ్మర్ది. నాయి ఇత్తడి చెంబులు" అన్నడు మా ఆయన.

"నీ చెంబులకు మిషన్ ఒక్కటే. అది పోతే అన్నీ మూగపోతయ్. నా దాంట్ల ఒక డబ్బా పోయినా రెండోది మాట్లాడుతది. మొన్న పంపు ఆపరేటర్ ఫంక్షన్‌ల ఏమైందో యాది లేదా?"

ఆ మాటకు మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టిండు. ఆ పంపు ఆపరేటర్ సంగతి మా ఇంట్ల తీయద్దు. ఆయన సన్మానం మధ్యల మా మిషన్ల నుంచి పొగ లేచింది. సరిగ్గ ఆయన సొంత అన్న లేచి, తమ్ముని గురించి మాట్లాడుతున్నప్పుడు. మిషన్ పోతే ఇంకేముంది, డబ్బాలన్నీ ఒక్కసారే బంద్. అన్న పెదవులు కదులుతనే ఉన్నయ్, తమ్ముడు తల ఊపుతనే ఉన్నడు. ఇప్పటికీ ఆ పంపు ఆపరేటర్ మార్కెట్ల మా ఆయనకు ఎదురైతే మంచిచెడ్డ అడగడు. "మా అన్న ఆ దినం ఏమన్నడో ఏమో" అని మాత్రం అని పోతడు. అన్న ఉన్నడు, పక్క గల్లీలనే ఉన్నడు. పోయి అడగొచ్చు. అడగడు.

"అది ఒక్కసారి" అన్నడు మా ఆయన. "నీ డబ్బాలకు డబ్బా డబ్బాకు కరెంటు కావాలె. భద్రాచలం దిక్కు అడవిల, గూడెంల పెళ్లికి పోయినప్పుడు ఏం చేస్తవ్? ఇప్ప చెట్టుకు ప్లగ్గు పెడతవా?"

నిజమే. అడవి ఊర్లకు మా ఆయన లారీ బ్యాటరీ ఒకటి తీస్కపోయేటోడు. మా మిషన్ కరెంటు మీదా నడుస్తది, బ్యాటరీ మీదా నడుస్తది. ఆ గూడేల పెళ్లిళ్లల్ల కరెంటు పోయినా మా మైకు పోలే. ఆ బ్యాటరీని ఆటోల ఆయన తన ఒళ్లో పెట్టుకొని తీస్కపోయేటోడు. నన్ను ఎన్నడూ అంత జాగ్రత్తగ తీస్కపోలే.

"మనం అడవిల పెడతలేం బావా. గల్లీల పెడతున్నం. ఇంటింటికీ కరెంటు. గల్లీల కరెంటుకు ఏం తక్కువ?"

"నీ డబ్బాల వెనుక గాలి పంకా ఉంటది. మొన్న తీసి చూస్తే దాని నిండ బొగ్గు దుమ్ము. లారీలు పోయే రోడ్డు పక్కన పెడితే అది గాలి పీలుస్తదా, బొగ్గు పీలుస్తదా? దానికి గూడా నా లెక్కనే దగ్గొస్తది."

"తుడిచిన బావా. బ్రష్షు పెట్టి తుడిచిన."

"నన్నెవరు తుడిచిండ్రు?" అన్నడు మా ఆయన.

ఇద్దరూ నా దిక్కు చూసిండ్రు. నేను అడిగిన: "అసలు నీకేం గావాలె? పిలిచిన జనానికి ఇనపడితే చాలా?"

ఆయన చెప్పిండు. "ఓవర్‌మ్యాన్ ఏమంటడో నాకు ఇనపడాలె."

ఓవర్‌మ్యాన్ అంటే బాయిల వీళ్ల మీద పెద్ద. ఇన్నేండ్లు ఈయనకు పని చెప్పినాయన. కోపిష్టి కాదు గానీ మాట తక్కువ మనిషి. "అక్కడ పెట్టు, ఇక్కడ పట్టు, జరుగు" తప్ప ఇంకో మాట ఆయన నోట మా ఆయన ఇనలేదట. మంచి అని గాదు, చెడ్డ అని గాదు. దిగిపోయే దినం ఆ మనిషి లేచి మైకు ముంగట ఏదో ఒకటి అనాలె గద. అది ఇనాలె అని ఈయన ఆశ.

అప్పుడు తెలిసింది నాకు, ఈయన ఇన్నేండ్లు ఒక పని ఎందుకు చేసేటోడో. స్టేజీ మీద కూసున్నోళ్లకు డబ్బాలు ముందట ఉంటయ్, వాటి మొఖాలు జనం దిక్కు ఉంటయ్. పొగిడేది ఎవరినో ఆయనకే సరిగ ఇనపడదు. ఇది అందరికీ తెల్వదు. మైకోళ్లకే తెలుసు. అందుకని ఈయన ప్రతి ఫంక్షన్‌ల ఒక డబ్బాను సగం లోపలికి తిప్పి, సన్మానం చేయించుకునే మనిషి దిక్కు పెట్టేటోడు. ఎవరూ చెప్పలే, ఎవరూ అడగలే.

"అయితే నీ కుడి చెవికి ఏ డబ్బా పెడదాం, అది తేల్చుకోండ్రి. మిగతాది జనానికి" అన్న నేను.

శనివారం మధ్యాహ్నం తిండి తిని గల్లీ అంత పండుకున్నంక, రెండు రకాల డబ్బాలూ గడప ముంగట పెట్టి చూసిండ్రు. తమ్ముడు మైకుల "హలో, బావా, అక్క వండిన కూరల ఉప్పు తక్కువైంది" అన్నడు. పాత డబ్బాల అది గుమ్ము గుమ్ముమని వచ్చింది. మా ఆయన అరచెయ్యి పెట్టి "బాగుంది" అన్నడు. ఏమన్నడు అని నేనడిగిన. "హలో అన్నడు" అన్నడు. తర్వాత తమ్ముడు కొత్త డబ్బాల అదే మాట అన్నడు. మా ఆయన చెయ్యి తీసేసి, తల పక్కకు వంచి, కుడి చెవి డబ్బా దిక్కు పెట్టిండు.

"ఉప్పు తక్కువైందా?" అన్నడు నా దిక్కు తిరిగి.

అట్ల తేలింది పంచాయితి. జనం కోసం ముందట తన పాత డబ్బాలు, బ్యాటరీ మీద. తన చెవి కోసం, స్టేజీ మీద కుడి పక్కకు, బామ్మర్ది కొత్త డబ్బా, మా ఇంటి ప్లగ్గు మీద. ఇన్ని మాటలన్న మనిషి ఆఖరికి గాజు గ్లాసునే తన దిక్కు పెట్టుకున్నడు. తమ్ముడు నవ్వలే. నవ్వితే మళ్లీ మొదలైతదని భయం.

ఆదివారం వచ్చింది. మా ఆడబిడ్డ, ఈయన అక్క, మణుగూరు నుంచి దిగింది. కుర్చీలు చూసి, "నువ్వు ఎడమ పక్కకు కూసో" అన్నది నాతోని.

"వదినె, ఆ పక్క ఆయనకు చెవి లేదు. కుడి పక్కకు కూసుంట. ఏమన్నా ఉంటే చెప్పొచ్చు."

"పెండ్లం కుడి పక్కకు కూసుంటే నలుగురు ఏమనుకుంటరు? ఇయ్యాల్టి దినం చెప్పేది ఏముంటది మీ ఇద్దరికి? ఇన్నేండ్లు చెప్పింది చాలదా?"

సరే అని ఎడమ పక్కకే కూసున్న.

ఇగ వంటల సంగతి. మా గల్లీల ఫంక్షన్ అంటే వంట ఒక్కరిది కాదు. బగారన్నం, కోడికూర మగోళ్లు గల్లీ చివర బొగ్గుల పొయ్యి మీద వండుతరు. మిగతావి ఇంటికొకటి పంచుకుంటం. ఒకింట్ల పప్పు, ఒకింట్ల వంకాయ, ఒకింట్ల సాంబారు, ఒకింట్ల సేమియా పాయసం, ఇంకొకింట్ల గుడ్లు. క్వార్టర్ల కరెంటు బిల్లు మా నెత్తిన అంత పడదు గనుక గ్యాసు పొయ్యి ఉన్నా, దాని పక్కన చుట్టలు చుట్టిన తీగ ఎర్రగ కాలే కరెంటు హీటరు ప్రతి ఇంట్ల ఉంటది. గ్యాసు చుట్టాల కోసం దాచుకుంటం. చుట్టాలొచ్చినా హీటరే పెడతం.

మామూలు దినాలల్ల ఒకరు పొద్దుగాల వండుతరు, ఒకరు షిఫ్టు దిగినంక వండుతరు. ఆ దినం మాత్రం అందరూ ఒకటే లెక్క ఏసుకున్నరు: ఉపన్యాసాలు అయ్యేటప్పటికి వేడివేడిగ ఉండాలె. స్టేజీ మీద దండలేస్తుంటే గల్లీ అంతట హీటర్లు ఒక్కసారే ఎర్రగైనయ్. మా ఇంట్ల గూడా, మా వంతు వచ్చిన పచ్చిపులుసుకు వేడి చేసేదేం లేకున్నా, ఆడబిడ్డ తన స్నానానికి నీళ్లు పెట్టింది.

ముందు ఇద్దరు ముగ్గురు మాట్లాడిండ్రు. కొత్త డబ్బా చక్కగ పలికింది. మా ఆయన ప్రతి మాటకూ సరిగ్గ తల ఊపుతున్నడు. తర్వాత ఓవర్‌మ్యాన్ లేచిండు. గొంతు సవరించుకున్నడు. ఓల్టేజీ తగ్గి షామియానా కింద ట్యూబులైటు మినుకుమంది. కొత్త డబ్బా మీద పచ్చ లైటు పోయి ఎర్రది వచ్చింది, అది గూడా పోయింది. డబ్బా ఊరుకున్నది.

ముందటి పాత డబ్బాలకు బ్యాటరీ ఉంది గనుక వాటికి ఏమీ తెల్వలే. అవి గల్లీ చివర కోడికూర కలిపేటోళ్లకు గూడా ఇనపడేటట్టు మోగుతున్నయ్. జనం అంత ఇంటున్నరు. ఎవరి గురించైతే అంటున్నరో ఆ మనిషికి తప్ప.

మా ఆయన కదలలే. దండలు, శాలువా వేసుకొని, ఒక పెద్దమనిషి నిలబడి మాట్లాడుతుంటే లేచి ప్లగ్గు చూసుడు మర్యాద గాదు. నిన్నమొన్నటిదాంక ఇంకొకరి ఫంక్షన్ల ఆయనే ఉరికేటోడు. ఇయ్యాల ఉరకలేడు. నేను మెల్లగ వంగి "ఇనపడుతుందా?" అన్న. ఎడమ చెవి. గోడకు చెప్పినట్టే. గట్టిగ అన్న. ముందట కూసున్న పిల్లలు నన్ను చూసిండ్రు. మా ఆయన చూడలే. ఓవర్‌మ్యాన్ దిక్కే చూస్తూ, నవ్వుతూ, తల ఊపుతున్నడు. పంపు ఆపరేటర్ ఊపినట్టే.

తమ్ముడు జనం వెనుక టేబుల్ కాడ ఉన్నడు. నేను చెయ్యి ఊపిన. వాడు బొటనవేలు చూపిచ్చిండు. నేను డబ్బా దిక్కు చూపిచ్చి, చెవి పట్టుకొని, చెయ్యి అడ్డంగ ఊపిన. వాడు రెండు బొటనవేళ్లు చూపిచ్చిండు. వానికి పాత డబ్బాలు బ్రహ్మాండంగ ఇనపడుతున్నయ్. ముప్పొద్దులా ఆ డబ్బాలను ఎక్కిరించిన పిలగాడు ఆ దినం వాటిని చూసి మురిసిపోతున్నడు.

ఇగ చేసేదేం లేక నేను ఇన్న. చదువు లేదు గానీ ఒకసారి ఇన్న మాట నాకు పోదు. ఓవర్‌మ్యాన్ ఏ మాట దగ్గర ఆగిండో, ఎక్కడ దగ్గిండో అంత పట్టుకున్న. ఆయన చెప్పి కూసున్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. మా ఆయన గూడా కొట్టిండు.

సభ నడిపే ఆయన నన్ను లేపి "అమ్మా, నువ్వు గూడా రెండు మాటలు చెప్పు" అని మైకు చేతుల పెట్టిండు. భార్యను అడుగుడు ఆనవాయితి. ఎవరైనా "అందరికీ దండాలు" అని ఇచ్చేస్తరు. నేను మైకు పట్టుకొని అన్న:

"అక్కలారా, చెల్లెలారా, పప్పులు ఉడికినయ్, పాయసాలు కాగినయ్. ఇగ హీటర్లు బంద్ చెయ్యుండ్రి. వదినె, నీ నీళ్లు గూడా. మా ఆయన డబ్బా మాట్లాడతలేదు."

గల్లీ అంత నవ్వింది. ఎదురింటి పిన్ని చెప్పులు ఇడిచిపెట్టి ఉరికింది. ఆమె వెనుక ఇంకొకామె. ఆడబిడ్డ మాత్రం కూసున్న కాడ్నే "చన్నీళ్లే పోసుకుంట లే" అన్నది. కొంచెం సేపటికి ట్యూబులైటు తెల్లగైంది. కొత్త డబ్బా టక్కుమంది, పచ్చ లైటు వచ్చింది.

"వచ్చిందా?" అన్న నేను మైకుల.

మా ఆయన అదిరిపడి కుడి పక్కకు చూసిండు. "వచ్చింది" అన్నడు. ఆ తర్వాత సభ నడిపే ఆయన మైకు తీసుకొని, సభ అయిపోయింది, భోజనాలకు దయచేయండ్రి అన్నడు. అది గూడా చాలా స్పష్టంగ ఇనపడిందట. ఓవర్‌మ్యాన్‌కు సెకండ్ షిఫ్టు ఉంది, ఇంత బగారన్నం తిని పోయిండు. పోయేటప్పుడు మా ఆయన భుజం తట్టిండు. ఎడమ భుజం. ఏమో అన్నడు గూడా.

ఇప్పుడు మా తమ్ముడు ఏ గల్లీల ఫంక్షన్ ఒప్పుకున్నా ముందు ఆడోళ్లనే అడుగుతడు, వంటలు ఎన్నింటికి అని. సన్మానం మనిషికి కొత్త డబ్బా పెట్టి దాని పక్కన బావ పాత డబ్బా ఒకటి బ్యాటరీ మీద పెడతడు. ఏది మంచిది అని ఎవరన్నా అడిగితే, "ఇనేటోడు ఎక్కడ కూసున్నడు?" అంటడు. గది మా ఆయన మాట. తనదే అన్నట్టు చెప్తడు.

ఫంక్షన్ తెల్లారి, సోమవారం పొద్దుగాల మా ఆయన డ్యూటీకి పోయే టైముకే లేచిండు. పోవాల్సింది లేదు. కుర్చీ ఒకటి తెచ్చి వంటింటి గడప కాడ ఏసుకొని, కుడి చెవి నా దిక్కు పెట్టి కూసున్నడు.

"చెప్పు" అన్నడు.

నేను హీటరు మీద అన్నం పెట్టి చెప్పుడు మొదలుపెట్టిన. ఓవర్‌మ్యాన్ గొంతు సవరించుకునుడు కాడ్నుంచి. ఆయన ఇట్ల అన్నడు: "నాకు మాట్లాడుడు రాదు. ఈయనకు ఇనుడు రాదు. అందుకని మా ఇద్దరికీ బాగ కుదిరింది. కప్పు చూసేటందుకు బాయిల మిషన్లున్నయ్, ఆఫీసర్లున్నరు. నేను మాత్రం ఈయన చెయ్యినే చూసేటోణ్ణి. ఈయన కప్పు మీద చెయ్యి పెట్టి ఊరుకుంటే లోపలికి పోయేటోణ్ణి. చెయ్యి తీస్తే ఆగేటోణ్ణి. ఈయనకు ఈ సంగతి ఎన్నడూ చెప్పలే. చెప్తే చెయ్యి వణుకుతదేమో అని."

మా ఆయన నా మొఖం చూసిండు. "అబద్దం" అన్నడు.

"ఏంది అబద్దం?"

"గంత మాట ఆయన అనడు. నువ్వు కలుపుతున్నవ్."

"ఇన్నది ఇన్నట్టు చెప్పిన."

"సరే, ఇంకేమన్నడు?"

"షిఫ్టు దిగి రాత్రిపూట ఇంటికొచ్చేటప్పుడు, పిల్లలు లేస్తరని గల్లీ మూలకే బూట్లు ఇడిచి, చేతుల పట్టుకొని వచ్చేటోడు, గట్లాంటి మనిషి అన్నడు."

"ఊఁ" అన్నడు. దానికి అబద్దం అనలే.

లేచి అంగీ ఏసుకున్నడు. నిన్నటి గిన్నెలు ఎవరియి వాళ్లకు ఇచ్చొస్త అని సంచిల ఏసుకొని బయలుదేరిండు. ఇన్నేండ్ల కాపురంల ఆ మనిషి ఒకరి గిన్నె ఒకరికి ఇచ్చింది లేదు. కిటికీల నుంచి చూసిన. ఎదురింటి పిన్నికి పప్పు గిన్నె ఇచ్చి, కుడి చెవి ముందుకు పెట్టి నిలబడ్డడు. పిన్ని తన చెయ్యి పైకెత్తి, కప్పును ముట్టినట్టు చూపిచ్చి చెప్తున్నది. పాయసం ఇంటి కాడ ఆ ఇంటాయన బయటికొచ్చి చెప్పిండు, ఆయన గూడా చెయ్యెత్తిండు. గల్లీ పొడుగునా ఒకరెంక ఒకరు చెయ్యెత్తుతనే ఉన్నరు.

అన్నం ఉడికే యాళ్లకు తిరిగొచ్చిండు. సంచి ఖాళీ. కుర్చీల కూసున్నడు.

"అన్నడట" అన్నడు.

"చెప్పిన గద."

"అందరూ ఒక్కతీరుగనే చెప్పిండ్రు." తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకొని, మోకాలు మీద బోర్లా పెట్టుకున్నడు.

"మరి బూట్ల సంగతి గూడా అడిగినవా వాళ్లను?" అన్న నేను.

"గది అడగలే."

"ఎందుకు?"

"బూట్ల సంగతి ఓవర్‌మ్యాన్‌కు ఎట్ల తెలుస్తది?" అన్నడు. "హీటరు బంద్ చెయ్. అన్నం మాడుతుంది."